గుబురయ్య లోడాఫీసులో పచ్చాకు

ఒక పెద్ద అడవిలో, అంటే పక్క అడవిని ఎన్నడూ చూడని జంతువులు తమదే పెద్దదని మురిసిపోయే అడవిలో, మద్దిచెట్టు కింద ఒక లోడాఫీసు ఉండేది. దాన్ని నడిపేది గుబురయ్య అనే ఎలుగుబంటి.

గుబురయ్య పని చూడ్డానికి చాలా సులువు. సరుకున్నవాళ్లకి మోసేవాళ్లని చూపించడం, మోసేవాళ్లకి సరుకు చూపించడం. మధ్యలో తనకో తేనెపట్టు ముక్క. "కూర్చున్నచోటు నుంచి కదలడు, తేనె మాత్రం వాడికా?" అని అడవంతా గొణిగేది. బ్రోకరంటే ఎక్కడైనా అంతే కదండీ. పని జరిగితే ఎవరికీ గుర్తుండడు, చెడితే మాత్రం అందరూ వాడి గుమ్మంలోనే నిలబడతారు.

కానీ గుబురయ్యకో ముక్కుంది. మోసేవాడు ఎవడైనా సరే ముందు దగ్గరికొచ్చి నిలబడాలి. మెడ దగ్గర ఒకసారి, వీపు మీద ఒకసారి వాసన చూసేవాడు. ఆ తర్వాత "మీ అమ్మ దగ్గు తగ్గిందట్రా? నీ వెనక్కాలి పుండు మానిందా?" అని రెండు ముక్కలు మాట్లాడేవాడు. అప్పుడే లోడు. దొంగవెధవ వాసన మార్చుకుని వచ్చినా, ఎవరి అమ్మకి దగ్గో వాడికి తెలియదు కదా.

అంత గొప్ప ముక్కుకి ఓ చలికాలం జలుబు చేసింది. సాయంత్రం మసకలో ఒక అడవిపంది వచ్చి, తాను దున్నపోతునని చెప్పి, ముళ్లపందుల కందగడ్డల లోడు ఎత్తుకుపోయింది. కందగడ్డలు తిరిగి కనిపించలేదు. ముళ్లపందులు వెళ్లి పెద్దదొర గారి గుహ ముందు గోల పెట్టాయి.

పెద్దదొర అంటే పెద్దపులి. ఆయనకి కందగడ్డలతో పనేముంది? నిద్ర చెడిందన్న విసుగుతో ఒక కన్ను తెరిచి, "ఆ విద్యాధరాన్ని పంపండి, ఏదో ఒక పద్ధతి పెడతాడు," అని మళ్లీ పడుకున్నారు.

విద్యాధరం ఒక కొండముచ్చు. పట్నంలో ఓ పెద్ద ఆఫీసు మేడ మీద కొన్నేళ్లు కాపురం ఉండి వచ్చాడు. అక్కడ కిటికీల్లో చెయ్యిపెట్టి ఎందరో అధికారుల అరటిపళ్లు తిన్నవాడు గనక, పరిపాలన అంతా ఆయనకి తెలుసని పేరు. ఆయన్ని అందరూ సార్ అనాలి. అనకపోతే తోకతో కొడతాడు.

విద్యాధరం ఆఫీసుకొస్తూనే చెట్టుకొమ్మ వైపు చెయ్యి చాపి, "ఇదిగో, సాఫ్ట్‌వేర్ తెచ్చాను," అన్నాడు.

గుబురయ్య తలెత్తి చూశాడు. "అది గోరింక కదండీ సార్?"

"పట్నంలో దీన్ని సాఫ్ట్‌వేర్ అంటారు."

గోరింక మంజువాణి మెడ నిక్కించింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఎవరూ అంత పెద్ద మాట అనలేదు.

"వెరిఫికేషన్ ఎలా జరుగుతుందంటే," అన్నాడు విద్యాధరం, "మోసేవాడు వచ్చి పేరు చెబుతాడు. తనని ఎరిగినవాళ్లు ఎక్కడుంటారో చెబుతాడు. మంజువాణి ఎగిరి అక్కడికి వెళ్లి, 'వీడు వాడేనా?' అని అడుగుతుంది. అవునంటే పచ్చాకు తెస్తుంది. కాదంటే ఎండుటాకు తెస్తుంది. పచ్చాకు వచ్చినవాడికి లోడు ఇచ్చి తీరాలి. ఎండుటాకు వచ్చినవాడికి ఇవ్వకూడదు. అయిపోయింది."

గుబురయ్య బుర్ర గోక్కున్నాడు. "ఎవర్ని అడగాలో ఆ వచ్చినవాడే చెబుతాడాండీ?"

"మరి నువ్వు చెబుతావా? వాడి సంగతి వాడికన్నా నీకెక్కువ తెలుసా?"

"పోనీ, నేనోసారి వాసన..."

"అదే వద్దంటున్నాను! ముక్కు ఇవాళ ఉంటుంది, రేపు జలుబు చేస్తుంది. పైగా సొంత ముక్కు వాడటం పక్షపాతం. కళ్లు కూడా అంతే," అని విద్యాధరం తేనెపట్టు మైనం రెండు ఉండలు చేసి, గుబురయ్య ముక్కుపుటాల్లో ఒక్కొక్కటీ కూరాడు.

"బరి లోడు పోతే డాదే కదండీ తప్పు?" అన్నాడు గుబురయ్య ఆ మూసుకుపోయిన ముక్కుతోనే.

"పచ్చాకు ఉంటే నీ తప్పెలా అవుతుందయ్యా? ఎవరి తప్పూ కాదు."

అక్కడ పడిపోయాడండీ గుబురయ్య. కందగడ్డలు పోయినప్పటి నుంచి ముళ్లపందుల పిల్లలు ఎదురైతే తలొంచుకుని పక్కదారిన పోయేవాడు. లోడు బయల్దేరితే అది చేరిందన్న కబురు అందేదాకా ముద్ద దిగేది కాదు. తప్పు ఎవరిదీ కాని పద్ధతి ఒకటి లోకంలో ఉందని వినేసరికి ప్రాణం లేచొచ్చింది. కూరిన మైనం తేనె వాసన వేస్తోంది, అదీ బాగానే ఉందనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓబులేసు వచ్చాడు. ఓబులేసు గాడిద. ఆ ఆఫీసు పుట్టినప్పటి నుంచి లోడు మోస్తున్నాడు. అలవాటుగా మెడ చాపి నిలబడ్డాడు. గుబురయ్య మొహం తిప్పుకుని, "పేరు?" అన్నాడు.

"అదేంటండీ, ఓబులేసుని!"

"నిన్ను ఎరిగినవాళ్లు?"

"మీరేనండీ."

"నేను కాకుండా."

ఓబులేసు కాసేపు ఆలోచించి తల్లి పేరు చెప్పాడు. మంజువాణి రివ్వున వెళ్లింది. కొడుకు చాలా రోజులుగా ఇంటి మొహం చూడలేదని ఆ తల్లి అప్పటికే రుసరుసలాడుతోంది. "ఓబులేసు నీ కొడుకేనా?" అని అడిగేసరికి భగ్గుమంది. "వాడా? వాడు నా కొడుకే కాడు! వాడి పేరెత్తకు నా దగ్గర!" అంది. సాయంత్రానికి వాడికోసం లేతగడ్డి దాచింది కూడా ఆ తల్లే, కానీ అది మంజువాణి అడగలేదు.

ఎండుటాకు వచ్చింది.

"ఓబులేసు ఓబులేసు కాడు," అన్నాడు విద్యాధరం. "చూశావా, ఇన్నాళ్లూ ఎవణ్ణో నమ్మావు."

గుబురయ్య నోరు తెరిచాడు. పచ్చాకు, ఎండుటాకు, ఎవరి తప్పూ కాదు అన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. ఓబులేసు కాసేపు అక్కడే నిలబడి, ఎవరూ పలకరించకపోయేసరికి వెళ్లిపోయాడు.

ఇదంతా పొదల చాటున ఒకడు చూస్తున్నాడు. వాడు నక్క కైలాసం. వాడికి ఒక ముసలి మేనమామ ఉన్నాడు. ఏది చెప్పినా మరిచిపోతాడు, పీతలంటే ప్రాణం. కైలాసం రోజూ ఓ పీత తెచ్చి ముందుపెట్టి, ఒకటే మాట వల్లె వేయించాడు. "'అక్షరాలా ఓబులేసే, నేనే ఎత్తుకుని పెంచాను' అనాలి. ఏమనాలి మామా?"

"అక్షరాలా ఓబులేసే, నేనే ఎత్తుకుని పెంచాను."

"ఎవరొచ్చి ఏమడిగినా ఇదే. నీ ప్రాణం పోయినా, నా ప్రాణం పోయినా మాట మార్చకు."

"మారుస్తానా? పీతేది?"

అప్పటికి ఆకాశంలో మబ్బులు దిగుతున్నాయి. వాగు అవతలి కొండ మీద ఉడతలుంటాయి. వాగు పొంగిందంటే వానలు వెళ్లేదాకా ఇటువాళ్లు అటు పోలేరు, అటువాళ్లు ఇటు రాలేరు. అందుకని ఏటా ముందే సరుకు చేరాలి. ఎండిన ఇప్పపువ్వు, చారపప్పు, పనసగింజలు, కొండ మీద పిల్లాజెల్లా అందరికీ వానాకాలమంతా అదే తిండి. ఆ సరుకు సమకూర్చేది ముత్యాలమ్మ అనే ముసలి ఉడత. గుబురయ్య చిన్నప్పుడు తల్లి పోయి దిక్కులేక తిరుగుతుంటే చెట్టు మీంచి పళ్లు రాల్చి పెట్టింది ఆవిడే.

ముత్యాలమ్మ మూటలు దింపించి, మద్దిచెట్టుకి వేలాడదీసిన పచ్చాకుల్నీ ఎండుటాకుల్నీ ఓసారి చూసింది. "ఇవన్నీ ఏమిటో నాకు తెలీదు గుబురయ్యా. నేను నీ చేతిలో పెడుతున్నాను. మొన్న పుట్టిన పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు."

"నీకెందుకు ముత్యాలక్కా, అది నా పూచీ," అన్నాడు గుబురయ్య. అన్నాక, పూచీ అన్న మాట ఈమధ్య తను వాడటం మానేశాడని గుర్తొచ్చింది. ఆవిడ అప్పటికే వాగు దాటేందుకు వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే కైలాసం ఇటు వచ్చాడు. వేషం ఏమీ వేయలేదు. తోక కుచ్చుతోక, మూతి కోసుమూతి. దర్జాగా వచ్చి నిలబడ్డాడు.

"పేరు?"

"ఓబులేసండి. గాడిదనండి. మా మేనమామ నన్ను ఎరుగునండి."

గుబురయ్య కింద నుంచి మీద దాకా చూశాడు. "చెవులు అంత పొట్టిగా ఉన్నాయేం?"

"ఎండకి ముడుచుకుపోయాయండి."

"ఏదీ, ఓండ్రపెట్టు."

"ఇవాళ ఏకాదశండి. మౌనం."

గుబురయ్య విద్యాధరం వైపు తిరిగి, "సార్, ఇది నక్క," అన్నాడు చిన్నగా.

"మళ్లీ కళ్లు వాడుతున్నావు," అన్నాడు విద్యాధరం. "మంజువాణీ, వెళ్లిరా."

మంజువాణి వెళ్లి వచ్చింది. "అక్షరాలా ఓబులేసేనట సార్! వాళ్ల మేనమామ చెప్పాడు. ఎత్తుకుని పెంచాడట. ఇంత శుభ్రంగా జవాబు చెప్పినవాళ్లని నేనింతవరకూ చూడలేదు."

పచ్చాకు నిగనిగలాడుతోంది. గుబురయ్య ఆకు వైపు చూశాడు, నక్క వైపు చూశాడు. ముత్యాలమ్మ మూటల వైపు మాత్రం చూడలేదు. చూస్తే ఇవ్వలేనని ఆయనకి తెలుసు. "తీసుకుపో ఓబులేసూ," అన్నాడు.

ఛీ, అనిపించింది ఆయనకే. కానీ తప్పు ఎవరిదీ కాదు కదా.

కైలాసం ఎత్తు పెద్దదే. సరుకంతా మేనమామ గుహలో దాచాలి. కొండ మీద ఉడతలు ఆకలికి తట్టుకోలేక ఎలాగోలా ఇటు వచ్చినప్పుడు, వాళ్ల పప్పు వాళ్లకే పిడికెడు చొప్పున అమ్మాలి. అయితే నక్క వీపు మీద రెండు మూటలైనా నిలుస్తాయా? మోయడానికి ఇంకొకడు కావాలి. పని లేక ఖాళీగా ఉన్నది అడవిలో ఒక్కడే.

"ఓబులేసూ, ఆఫీసు నిన్ను పొమ్మందటగా. నా దగ్గర లోడుంది, వస్తావా?" అన్నాడు కైలాసం.

వీపు ఖాళీగా ఉంటే నిద్రపట్టని జాతి అది. ఎవరిదని కూడా అడక్కుండా ఓబులేసు మూటలెత్తుకున్నాడు.

దారి చీలిన చోట గుహకి ఎడమకి తిరగాలి. ఓబులేసు కుడికి తిరిగాడు. ఏటా ఇప్పపువ్వు మూట వీపెక్కితే ఆ కాళ్లు ఉడతల కొండకే పోయేవి. వాటికి ఇంకో దారి ఉందని కూడా తెలీదు. కైలాసం "ఇటు, ఇటు!" అని అరిచాడు. ముందుకెళ్లి అడ్డం నిలబడ్డాడు. చివరికి తోక పట్టుకుని లాగాడు. గాడిద తోక లాగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కాలు ఎగిరి డొక్కలో తగిలింది. కైలాసం కుంటుకుంటూ వెనకాలే వాగుదాకా వెళ్లి, సరుకు కొండెక్కడం కళ్లారా చూశాడు.

కొండ మీద ముత్యాలమ్మ మూటలు దింపించుకుని, "దూరంగా ఆ నక్క ఎవడు ఓబులేసూ?" అని అడిగింది. ఓబులేసు జరిగింది జరిగినట్టు చెప్పాడు, తనకి ఎండుటాకు రావడంతో సహా. ముసలావిడ తోక నిక్కబొడుచుకుంది.

ఓబులేసు లోడు చేరిందని చెప్పడానికి ఆఫీసుకి వచ్చేసరికి, అక్కడ కైలాసం మెడలో దండ ఉంది. అడ్డదారిన ముందే వచ్చి, లోడు చేర్చానని, దారిలో పడి నడుము విరిగిందని చెప్పుకున్నాడు. మంజువాణి ఎగిరివెళ్లి కొండ మీద సరుకు కళ్లారా చూసి వచ్చింది. విద్యాధరం పొంగిపోయి, ఓబులేసు అనే గాడిద అంత బరువు మోసుకెళ్లి చేర్చాడని, బలే పుష్టిగా ఉంటాడని పెద్దదొర గారికి కబురు కూడా పంపేశాడు.

"లోడు చేర్చానండీ," అన్నాడు ఓబులేసు.

"నువ్వెవరు?" అన్నాడు విద్యాధరం.

"ఓబులేసుని."

"ఓబులేసు ఇదిగో ఇక్కడున్నాడు. అయితే నువ్వు పేరుదొంగవన్నమాట. ఇలాంటివాళ్లని అడవి నుంచి వెళ్లగొట్టాలి."

ఓబులేసు గుబురయ్య వైపు చూశాడు. ఊరికే మెడ చాపాడు, వెనకటిలాగే.

గుబురయ్య లేచి దగ్గరికొచ్చాడు. రెండు వేళ్లతో ముక్కులో మైనం పీకి అవతల పారేశాడు. మెడ దగ్గర ఒకసారి, వీపు మీద ఒకసారి వాసన చూశాడు. గడ్డి, చెమట, తడి మన్ను, ఇప్పపువ్వు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "వీడే ఓబులేసు. వాడు నక్క. నేను చెబుతున్నాను," అన్నాడు గట్టిగా.

విద్యాధరం ఆవులించాడు. "నేను అంటే ఎవరు?"

"ఏంటి సార్! నేను గుబురయ్యని."

"ఎవరు చెబుతారు?"

గుబురయ్య ఛాతీ పొంగించి, "వెళ్లి ముత్యాలమ్మని అడగండి. నన్ను పెంచింది ఆవిడే," అన్నాడు.

మంజువాణి వాగు దాటి వెళ్లింది. మబ్బు ఉరుముతోంది. తిరిగొచ్చేటప్పుడు దాని ముక్కున ఎండుటాకు ఉంది.

"ఏమంది?" అని అడిగాడు గుబురయ్య.

మంజువాణి అన్నది అన్నట్టే అప్పజెప్పింది. "'మా గుబురయ్యకి ముక్కుండేది. చూస్తూ చూస్తూ మా పిల్లల తిండి నక్క చేతిలో పెట్టినవాడు మా గుబురయ్య కాడు. ఎవడో ఎలుగుబంటి,' అంది."

గుబురయ్య అక్కడే చతికిలబడ్డాడు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

"లేవయ్యా, అది బ్రోకరు గారి చోటు," అన్నాడు కైలాసం, దండ సవరించుకుంటూ.

సరిగ్గా అప్పుడే పెద్దదొర గారి బంట్రోతు కాకి శాలువా ఒకటి భుజాన వేసుకుని దిగింది. "ఓబులేసు అనే గాడిద గారి సేవలకి మెచ్చి పెద్దదొర గారు సన్మానం చేయదలిచారు. వెంటనే గుహకి రావాలి."

పెద్దదొర గారి సన్మానం సంగతి ఆ అడవిలో ఎవరికి తెలీదు? వెళ్లినవాళ్లు రారు. శాలువా మాత్రం వస్తుంది, మళ్లీ మళ్లీ పనికొస్తుందని.

అందరికీ తెలుసన్నది తప్పు. ఓబులేసుకి తెలీదు. వాడు ఇంతవరకూ సన్మానాల దాకా పోలేదు. చెవులు నిటారుగా లేపి, "నాకేనండీ? నేనే ఓబులేసుని," అంటూ ముందుకి అడుగేశాడు.

గుబురయ్య ఒక్క ఉదుటున లేచి వాడికి అడ్డం పడ్డాడు. "నోర్ముయ్! నువ్వెక్కడి ఓబులేసువిరా? నీ ఎండుటాకు అదిగో వేలాడుతోంది, కనపడ్డం లేదూ?"

"మీరే కదండీ ఇందాక..."

"నేనెవణ్ణిరా చెప్పడానికి? నాకూ ఎండుటాకే వచ్చింది. కాకిగారూ, అసలు ఓబులేసు అదిగో, మెడలో దండేసుకున్నవాడు. కావాలంటే పచ్చాకు చూసుకోండి."

కైలాసం మొహం పాలిపోయింది. "అయ్యా, నేను ఓబులేసుని కాను. నేను నక్కని! చూడండి నా తోక! నా మూతి చూడండి!"

"కళ్లతో చూసేది లేదు," అన్నాడు విద్యాధరం. "సన్మానం దగ్గర కూడా ఇంత వినయం ఏమిటయ్యా? సరే, నీ తృప్తి కోసం ఇంకోసారి. మంజువాణీ, వాళ్ల మేనమామని అడిగిరా."

మంజువాణి గుహకి వెళ్లింది. "తాతా, మీవాడు తాను ఓబులేసుని కానని ఏడుస్తున్నాడు. ప్రాణం మీదికొచ్చిందట. నిజం చెప్పు, వాడు ఓబులేసేనా?"

ముసలి నక్క లేచి కూర్చున్నాడు. జీవితంలో గుర్తున్న మాట అదొక్కటే. ప్రాణం పోయినా మార్చొద్దన్నాడు మేనల్లుడు. "అక్షరాలా ఓబులేసే," అన్నాడు. "నేనే ఎత్తుకుని పెంచాను. పీతేది?"

కైలాసాన్ని నలుగురూ భుజాల మీద ఎత్తుకుని సన్మానానికి తీసుకెళ్లారు. దారి పొడుగునా వాడు నక్కలాగే ఊళపెట్టాడు. గాడిదలు సంతోషం పట్టలేనప్పుడు ఇలాగే అరుస్తాయని విద్యాధరం పక్కవాళ్లకి వివరించాడు.

చినుకులు మొదలయ్యాయి. గుబురయ్య, ఓబులేసు ఎక్కడికని అనుకోకుండానే నడిచారు. ఓబులేసు కాళ్లకి తెలిసిన దారి ఒకటే గనక వాగు దాటి కొండెక్కారు. వాళ్ల వెనకే వాగు ఎర్రగా పొంగింది.

చెట్టు మీంచి ముత్యాలమ్మ, "ఎవరది?" అంది.

"ఏమో అక్కా," అన్నాడు గుబురయ్య తలొంచుకుని. "నువ్వే చెప్పాలి."

ఇంకా రెండు తిట్లు మిగిలున్నాయి ఆవిడ దగ్గర, అవీ తిట్టింది. తర్వాత, "తడిసిపోతున్నావు, ముందు చెట్టు కిందికి రా గుబురయ్యా," అంది. ఆ పేరు వినగానే ఎలుగుబంటి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వానాకాలమంతా ఆ కొండ మీద ఓ చిన్న లోడాఫీసు నడిచింది. అక్కడ మోసేవాడికి పచ్చాకు లేదు, ఎండుటాకు లేదు, మెడ చాపి నిలబడాలంతే. ఇవతల మద్దిచెట్టు కింద కూడా ఆఫీసు నడుస్తూనే ఉంది, ఇప్పుడు బ్రోకరు ఎవరో సరిగ్గా తెలీదు గానీ ఆయనకి పచ్చాకు ఉందట.

శాలువా తిరిగొచ్చింది. పెద్దదొర గారు పళ్లు కుట్టుకుంటూ, "ఈమధ్య గాడిద మాంసంలో రుచి తగ్గింది. ఏంటో నక్క వాసన," అన్నారట. పచ్చాకు చూపించారు. ఆయన నోరు మూసుకున్నారు.

నీతి: అడవిలో నెగ్గుకు రావాలంటే అబద్ధం చెప్పే మేనమామ ఒక్కడుంటే చాలదు, ఎప్పుడు ఆపాలో తెలిసిన మేనమామ ఉండాలి.